వసంత గుంజిన వైరు

గద్వాల,
9 నవంబర్ 2025

సింధూజకు మీ రామస్వామి మామ ఆశీస్సులతో రాసేది.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను "సరే సరే" అన్నది దేనికో నాకే తెలియదు. ఫోనులో నీ మాట సగమే వినపడుతుంది. వినపడని సగాన్ని నేనే కల్పించుకుంటానని మీ అత్త జోగమ్మ ఎగతాళి చేస్తుంది. నాగర్‌కర్నూల్‌కు ఉత్తరం చేరడానికి నాలుగు రోజులు పట్టినా పరవాలేదు, అక్షరం మాత్రం పూర్తిగా వినపడుతుంది. నువ్వూ కాగితం మీదే జవాబివ్వు.

అడగాల్సిన సంగతి ఇది. మా చేనేత సొసైటీ సమావేశానికి ఎవరో ఒకాయన వచ్చి కంప్యూటర్ల గురించి మాట్లాడాడు. యాంటీవైరస్ కొనకుండా కంప్యూటర్ వాడితే ఏదో ఒకరోజు లోపలున్నదంతా పోతుందని, తన దగ్గర ఉన్నది వేయించుకుంటే నిశ్చింత అని అన్నాడు. ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు. కంప్యూటర్లో ఏముందో నీకు తెలుసు. మా నాయన గీసిన అంచులు, నేను గీసిన అంచులు, కొంగులు అన్నీ అందులోకి ఎక్కించాం. వాటి గ్రాఫు కాగితాలను చెదలు తినేశాయి. ఇప్పుడు దీన్ని కూడా ఏదో పురుగు తింటే ఈ వీధిలో సగం మగ్గాలకు డిజైన్ ఉండదు. కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పేదానివి నువ్వు. చెప్పు, కొనాలా వద్దా?

నీకు చెప్పని మరో కబురు. మా వెనక వీధి పార్వతమ్మ కోడలు వసంత ఈమధ్య డిజైన్ నేర్చుకోవడానికి వస్తోంది. పగలంతా మగ్గం మీద ఉంటుంది, సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుంటుంది. నేను ఆరేళ్లు కుస్తీ పట్టి నేర్చుకున్నది ఆమె ఆరు నెలల్లో పట్టేసింది. గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టి గీస్తుంది. మా నాయన కూడా అట్లాగే గీసేవాడు. ఇట్లాంటి చేయి మన ఊరికి వచ్చినందుకు నాకు భలే సంతోషంగా ఉంది.

అత్త నీకోసం చింతకాయ తొక్కు పెట్టింది. ఎవరైనా అటు వస్తుంటే పంపుతాం.

నీ
రామస్వామి మామ


నాగర్‌కర్నూల్,
15 నవంబర్ 2025

మామకూ అత్తకూ సింధూ నమస్కారాలు.

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదువుతుంటే మా వాళ్లంతా వింతగా చూశారు. ఈ రోజుల్లో ఉత్తరమా అని ఒకామె ఆ కవరును చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. నాకు గర్వంగా అనిపించింది.

నీ ప్రశ్నకు జవాబు: వద్దు. నీలాగా ఇంట్లో వాడుకునేవాళ్లు యాంటీవైరస్ విడిగా కొనాల్సిన అవసరం ఇప్పుడు దాదాపు లేదు. మీ కంప్యూటర్లో విండోస్‌తో పాటే ఒక కాపలా వచ్చింది. అది మంచిదే, దాని పని అది చూసుకుంటుంది. నువ్వు చేయాల్సిందల్లా అప్‌డేట్ అడిగినప్పుడు "తర్వాత" అనకుండా చేయనివ్వడం. ఒకప్పుడు సంగతి వేరు. అప్పట్లో మేమంతా కొనేవాళ్లం. పెద్ద పెద్ద ఆఫీసుల సంగతి ఇప్పటికీ వేరు.

ఆ కాపలా కన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. డిజైన్లన్నిటికీ ఇంకో నకలు తీసి, దాన్ని కంప్యూటర్‌కు తగిలించి ఉంచకుండా విడిగా దాచు. మామా, ఇన్నేళ్ల పని ఒక్కచోటే ఉందంటే నాకు ఇక్కడ భయమేస్తోంది.

బయటి పెన్‌డ్రైవ్‌లతో జాగ్రత్త. తెలియనివాళ్లను లోపలికి రానివ్వకు. పిల్లలకు పరీక్షలు, ఇక ఆపుతాను.

తొక్కు కోసం ఎదురుచూస్తూ,
సింధు


గద్వాల,
26 నవంబర్ 2025

సింధూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. కంప్యూటర్ దక్కింది. కానీ మనసు బాగాలేదు.

శనివారం సాయంత్రం కొంగులో వేయడానికి చిలకల బొమ్మల కోసం ఇంటర్నెట్‌లో వెతుకుతున్నాను. వసంత పక్కనే ఉంది. ఏదో గీసుకొచ్చానంటూ తన పెన్‌డ్రైవ్ అప్పుడే పెట్టింది. నేను ఒక బొమ్మ మీద నొక్కానో లేదో, తెర మొత్తం ఎర్రగా అయిపోయింది. మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఆపవద్దు, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని పెద్ద అక్షరాలు. సైరన్ కూడా మోగిందట, నాకు వినపడలేదు. వంటింట్లోంచి మీ అత్త పిండి చేతులతో పరుగెత్తి వచ్చింది. "ఏందయ్యా గిది, ఇంట్ల అంబులెన్స్ మోగుతున్నది?" అని.

నేను ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఎవరో మర్యాదగా మాట్లాడాడు. అర్థమైనంత వరకు అతను చెప్పినవి నొక్కాను. ఏదో లోపలికి దిగుతోంది. వసంత నాతో ఏదో అంది. నాకు ఒక చెవిన ఫోను, రెండో చెవి సంగతి నీకు తెలిసిందే. రెండోసారీ ఏదో అంది. తర్వాత ఉన్నట్టుండి లేచి గోడ దగ్గరి ఇంటర్నెట్ వైరు గుంజేసింది! కంప్యూటర్ స్విచ్ కూడా కట్టేసింది. నా చేతిలోంచి ఫోన్ లాక్కుని ఆపేసింది.

"ఎందుకు గుంజినవ్?" అని అరిచాను. తల దించుకుని ఏదో నెమ్మదిగా చెప్పింది, వినపడలేదు. అప్పుడు నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. కంప్యూటర్లో ఉన్న కాపలా మంచిదే అన్నావు. అయితే రోగం ఎట్లా వచ్చింది? బయటి పెన్‌డ్రైవ్‌తో జాగ్రత్త అన్నావు. పెన్‌డ్రైవ్ ఆమెది. తప్పు బయటపడుతుందని భయపడి వైరు గుంజిందని అనుకున్నాను. సైరన్ విని ఇరుగుపొరుగు వాకిట్లో గుమిగూడి ఉన్నారు. వాళ్లందరి ముందరే, "నీ పెన్‌డ్రైవ్‌ల రోగం ఉన్నది, ఇగ రావొద్దు" అన్నాను. ఆమె వెళ్లిపోయింది. పెన్‌డ్రైవ్ కూడా తీసుకోలేదు. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను.

మీ అత్త అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. "ఆ పిల్ల చెయ్యి బంగారం. నువ్వు తొందరపడ్డవ్" అంటోంది. నేను చేసింది సరైనదేనని నువ్వు రాస్తే ఆమెకు చూపిస్తాను.

రామస్వామి మామ


నాగర్‌కర్నూల్,
1 డిసెంబర్ 2025

మామా,

ఈ ఉత్తరం అత్తకు చూపించు. కానీ నువ్వు అనుకున్న కారణానికి కాదు.

వసంత నీ కంప్యూటర్‌ను కాపాడింది.

ఆ ఎర్ర తెర వైరస్ కాదు. నువ్వు బొమ్మ మీద నొక్కితే తెరుచుకున్న ఒక దొంగ పేజీ, అంతే. దానికీ ఆమె పెన్‌డ్రైవ్‌కూ ఏ సంబంధమూ లేదు. ఫోన్‌లో మర్యాదగా మాట్లాడినవాడే అసలు దొంగ. నీతో నొక్కించి లోపలికి దించుతున్నది, వాడు ఎక్కడో కూర్చుని నీ కంప్యూటర్‌ను నడిపించడానికి పనికొచ్చేది. అది పూర్తిగా దిగి ఉంటే వాడికి నీ డిజైన్లు, నీ బ్యాంకు, అన్నీ చేతికి అందేవి. అలాంటప్పుడు ఎంత చదువుకున్నవాళ్లయినా చేయాల్సిన మొదటి పని వైరు గుంజడం. మా ల్యాబులో నేను ఇదే చెబుతాను. చెప్పడం వేరు, ఇంట్లో పెద్దవాడు మాట వినకుండా నొక్కుతుంటే, వాకిట్లో జనం చూస్తుంటే నిజంగా గుంజడం వేరు. నేనైతే నీ ముఖం చూసి ఒక క్షణం ఆగిపోయి ఉండేదాన్నేమో. ఆమె ఆగలేదు. నాకు ఆమెను చూడాలని ఉంది.

"తెలియనివాళ్లను లోపలికి రానివ్వకు" అని నేను రాసింది అలాంటి ఫోన్లవాళ్ల గురించి. నీ పక్కన కూర్చుని నేర్చుకునే మనిషి గురించి కాదు. తొందరలో ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను, ఇంకొంచెం విడమర్చాల్సింది.

ఇప్పుడు చేయాల్సినవి చెబుతాను. వైరు తగిలించకుండానే కంప్యూటర్ వేసి, ఆ రోజు దిగిన ప్రోగ్రాం ఉంటే తీసేయి. తర్వాత లోపలి కాపలాతో పూర్తి స్కాన్ చేయించు. పెన్‌డ్రైవ్‌కు కూడా స్కాన్ చేయి, కానీ అందులోది తెరిచి చూడకు. అది ఆమెది. ఆమె చూపిస్తే చూడు.

ముందు వాళ్లింటికి వెళ్లు మామా. స్కాన్ తర్వాత చేసుకోవచ్చు.

సింధు


గద్వాల,
11 డిసెంబర్ 2025

సింధూజకు,

నీ ఉత్తరం మీ అత్త గట్టిగా చదివింది. "కాపాడింది" అన్న చోట ఆగి నా వైపు చూసింది. నాలుగు మాటలు అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

వెంటనే పార్వతమ్మ ఇంటికి వెళ్లాను. వసంత లేదు. పుట్టింటికి, ఆత్మకూరుకు వెళ్లిందట. "మగ్గం గూడ ఖాళీగనే ఉన్నది" అని పార్వతమ్మ తలుపు దగ్గరే నిలబడి చెప్పింది. లోపలికి రమ్మనలేదు. నిజమే, ఎందుకు రమ్మంటుంది?

ఇంతలో ఇంకో గందరగోళం. సింధు స్కాన్ చేయించమని రాసిందని మీ అత్త పక్కింట్లో చెప్పింది. పక్కింటివాళ్లకు స్కాన్ అంటే దవాఖానలో చేసేదే తెలుసు. మర్నాటికి వీధి వీధంతా నన్ను చూడటానికి వచ్చింది. ఒకరు జామపండ్లు, ఒకరు గ్లూకోజు పొట్లం తెచ్చారు. సొసైటీ మల్లయ్య అయితే నా చేయి పట్టుకుని, "ఏం పరేషాన్ గాకు, గుండెకు ఇప్పుడు మంచి మందులున్నయి" అని ధైర్యం చెప్పి వెళ్లాడు. కంప్యూటర్‌కురా అని అరిచి చెప్పినా ఎవరూ నమ్మలేదు. రోగాన్ని దాచిపెడుతున్నాననుకున్నారు.

ఆదివారం ఆత్మకూరు బస్సెక్కాను. జూరాల డ్యాం మీద నీళ్లు చూస్తూ ఆమెతో ఏమనాలో కూడబలుక్కున్నాను. బస్టాండులో దిగేసరికి ఎదురుగా వసంత! చేతిలో సంచి, పక్కన కూతురు. గద్వాల బస్సు కోసమే నిలబడి ఉంది.

"పెద్దనాయనా! నీకు దవాఖానల స్కానింగ్ అంట గద? ఏమైంది? గిట్ల ఒక్కనివే ఎందుకొచ్చినవ్?" అని నా భుజం పట్టుకుంది.

నేను అన్న మాటలకు ఆమె నా ముఖం చూడకపోయినా తప్పు లేదు. అట్లాంటిది నాకు బాగాలేదని వినగానే బయల్దేరింది. "నాకు కాదు బిడ్డా, కంప్యూటర్‌కు" అన్నాను.

ఆమె చేయి తీసేసింది. సంచి కింద పెట్టింది. ఏదో అంది. వినపడలేదన్నాను. మళ్లీ అంది. బస్సుల హోరులో అదీ వినపడలేదు. అప్పుడు గట్టిగా అంది. టీ కొట్టు దగ్గరివాళ్లు, కండక్టర్లు, అందరూ తిరిగి చూశారు.

"అందరి ముందర నన్ను రావొద్దన్నవ్! నా పెన్‌డ్రైవ్‌ల రోగం ఉందన్నవ్! ఫోన్ల ఆ దొంగోడు గిది నొక్కు, గది నొక్కు అంటుండు, నువ్వేమో ఇనపడక సరే సరే అంటున్నవ్. మా అన్నకు గిట్లనే ఫోన్ జేసి బ్యాంకుల ఉన్నదంతా ఊడ్చుకపోయిండ్రు. నేను చెప్తనే ఉన్న, నువ్వు ఇంటలేవు. వైరు గుంజకపోతే ఇంకేం జేయాలె? మీ నాయన గీసినయన్నీ పోనియ్యాల్నా?"

సింధూ, నాకు వినపడదు కాబట్టి ఆమె తన బాధనంతా నలుగురిలో అరిచి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నేను కూడా నలుగురిలోనే అన్నాను కదా. అందుకని నేనూ గట్టిగానే, టీ కొట్టు దాకా వినపడేటట్టు అన్నాను: "తప్పు నాదే బిడ్డా. నువ్వు నా ఇల్లు నిలబెట్టినవ్. నేను నిన్ను వాకిట్ల అవమానం జేసిన."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. కూతురికి ఒక బిస్కెట్ పొట్లం, నాకు ఒక టీ తెచ్చింది. నేను టీ తాగాక నా చెవి దగ్గరికి వంగి, "వస్త. గని ఎప్పటి తీరుగ కాదు" అంది. "కంప్యూటర్ల నా పేరు మీద నాకు వేరే ఉండాలె. నీది నీకు, నాది నాకు. రేపు ఏమన్న అయితే ఎవరితోని అయిందో అందరికి కనపడాలె."

అట్లా ఒకే కంప్యూటర్లో ఇద్దరికి విడివిడిగా ఉంటుందా? నాకు తెల్వదు. ఉంటుందనే మాటిచ్చి వచ్చాను. ఉండకపోతే ఇంకో కంప్యూటర్ కొంటాను. త్వరగా రాయి.

పెన్‌డ్రైవ్ బీరువాలోనే ఉంది. తెరవలేదు.

మామ


నాగర్‌కర్నూల్,
16 డిసెంబర్ 2025

మామా,

ఉంటుంది! వసంత అడిగింది కంప్యూటర్ చదివినవాళ్లు అడగాల్సిన మాట. ఒక్క కంప్యూటర్లో ఎంతమందికైనా వేరువేరు ఖాతాలు పెట్టవచ్చు. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లది, ఎవరి ఫైళ్లు వాళ్లవి. అంతే కాదు, రోజూ పని చేసుకునే ఖాతాకు కొత్త ప్రోగ్రాములు ఎక్కించే అధికారం లేకుండా పెట్టవచ్చు. అప్పుడు ఫోన్‌లో ఎవడో చెప్పిందల్లా నొక్కినా చాలావరకు అక్కడే ఆగిపోతుంది. తనకు గౌరవంగా ఉండాలని ఆమె అడిగింది, కానీ కంప్యూటర్‌కు కూడా అదే మంచి కాపలా అయింది. ఈ రెండూ ఒకటే కావచ్చని నాకు ఇన్నేళ్ల పాఠాల్లో తట్టలేదు.

నీకు కూడా అలాంటి మామూలు ఖాతానే పెట్టుకోమని సలహా. ప్రోగ్రాములు ఎక్కించే ఖాతా మూడోది, దాని పాస్‌వర్డ్ నీ దగ్గర, వసంత దగ్గర ఇద్దరి దగ్గరా ఉండాలి. కోప్పడకు. ఎలా చేయాలో బొమ్మలు గీసి ఈ కవరులోనే పెట్టాను.

డిజైన్ల నకలు తీసే డిస్కు కాలేజీ పని మీద వనపర్తి వెళ్లినప్పుడు కొన్నాను. చుట్టుపక్కల ఎవరైనా గద్వాల వస్తుంటే ఇచ్చి పంపుతాను.

బస్టాండులో నువ్వు గట్టిగా అన్న మాట చదివి నేను కాసేపు ఉత్తరం పక్కన పెట్టాను. మా స్టాఫ్ రూములో మాట పడ్డవాళ్లు, మాట అన్నవాళ్లు ఏళ్ల తరబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా టీలు తాగుతుంటారు. నలుగురిలో అన్నదాన్ని నలుగురిలోనే, అన్నంత గట్టిగా వెనక్కి తీసుకున్నవాళ్లను నేను చూడలేదు. నా మామ అయినందుకు మురిసిపోయాను.

వసంత పెన్‌డ్రైవ్‌లో ఏముందో చూసినప్పుడు ముందు నాకు రాయి.

నీ
సింధు


గద్వాల,
22 ఫిబ్రవరి 2026

సింధూజకు,

ఇన్నాళ్లు రాయకపోవడానికి కారణం మగ్గం. చెబుతాను.

నువ్వు పంపిన బొమ్మలు చూసి ఖాతాలు వసంతే పెట్టింది. కంప్యూటర్ వేయగానే ఇప్పుడు ఆ మూడో ఖాతాతో పాటు మా ఇద్దరి పేర్లు కనపడతాయి. ఆ రోజు వీధిలోవాళ్లను ఆమే పిలుచుకొచ్చింది. పార్వతమ్మ కూడా వచ్చింది. తెర మీద కోడలి పేరు చూసి, "మా వసంతదేనా?" అని రెండుసార్లు అడిగింది. డిస్కులో నకలు తీశాం. అది మల్లయ్య ఇంట్లో ఉంది.

ఆ రోజు దిగింది తీసేసి కంప్యూటర్‌కు స్కాన్ చేశాం, ఆమె ముందరే పెన్‌డ్రైవ్‌కు కూడా చేశాం. అందులో ఏ రోగమూ లేదు. తర్వాత ఆమె తెరిచి చూపించింది.

సింధూ, అది కొంగు. నల్లరేగడి రంగు మీద తెల్ల జొన్న కంకులు. ప్రతి కంకి కొద్దిగా ఒక పక్కకు వంగి ఉంది, గింజ నిండితే వంగినట్టు. ఒకే ఒక్క కంకి మీద మాత్రం పిట్ట వాలింది, ఆ బరువుకు ఆ ఒక్కటి మిగతావాటి కన్నా కిందికి ఒంగింది. అంచులో ఏ బొమ్మా లేదు, సన్నటి పచ్చ గీత. నేను జీవితమంతా హంసలు, మామిడి పిందెలు, గోపురాలు గీశాను. మన పొలాల్లో రోజూ కనపడే కంకిని పట్టుచీర మీదికి తేవాలని నాకు తోచలేదు. కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. ఎందుకు లేచావని మీ అత్త అడిగింది. కూర్చుని చూసే పని కాదనిపించింది.

దీన్ని ఏ సొసైటీకీ చూపించకముందే మీ అత్త, "ముందు నేను నేస్త" అంది. మోకాళ్ల నొప్పులని మగ్గం దిగి ఏడాది దాటింది. డిజైన్‌కు తగ్గట్టు రంధ్రాలతో జకార్డు అట్టలు కొట్టించి, రంగులు కుదిర్చి, వసంత పక్కన కూర్చుని చెబుతుంటే మళ్లీ మగ్గం ఎక్కింది. పిట్ట కాళ్ల దగ్గర పోగులు సరిగా రాక రెండుసార్లు విప్పి మళ్లీ నేశారు. ఈ నెల మొదట్లో చీర దిగింది. సొసైటీవాళ్లు చూశారు. మల్లయ్య ఆ కొంగును అరచేతి మీద వేసుకుని పిట్ట దగ్గరి పోగులు వేలితో తడిమి చూశాడు. ఇప్పుడు పది మగ్గాల మీద అదే డిజైన్ నడుస్తోంది. అట్టల మీద గీసినవారి పేరు రాస్తారు కదా, అక్కడ "వసంత, గద్వాల" అని రాయించాం.

ఆ యాంటీవైరస్ ఆయన మళ్లీ వచ్చాడు. మాకు ఉన్నది చాలని చెప్పాను. కంప్యూటర్లో ఉన్నదా అని అడిగాడు. అందులోనూ ఉంది, పక్కన కుర్చీలోనూ ఉందన్నాను. అతనికి అర్థం కాలేదు. వసంత నవ్వు ఆపుకోలేక లేచి వంటింట్లోకి వెళ్లింది.

ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరం గీస్తున్నాం. నిన్న నేను గీసిన అంచు చూపించాను. చాలా పని పెట్టాను దానిమీద, చిలకలు, తీగలు, పూలు. ఆమె తల పక్కకు వంచి చూసింది. నాకు వినపడేటట్టు దగ్గరికొచ్చి, "పెద్దనాయనా, మంచిగున్నది. గని జర ఖాళీ వదులు. చిలకలకు ఎగరనీకి జాగ లేదు" అంది.

తీగలు సగం తీసేశాను. ఇప్పుడు చూస్తే నిజంగానే ఎగిరేటట్టున్నాయి.

మీ
రామస్వామి మామ